కడుపుమందు - పంటియెముక

నేడు మన యిండ్లలో ఉప్పుడబ్బా ప్రక్కనో, మంచము తలాపినో ఒక మాత్రలపట్టీ యుండుట సామాన్యమైపోయినది. దానికి వైద్యులు పెట్టిన పేరేదైనను జనులు పెట్టుకొన్న పేరు గ్యాసుమాత్ర. మా ప్రాంతమున గ్యాసుగోలి యందురు. పరగడుపున అది పడనిదే అత్తగారికి కాఫీ దిగదని కోడండ్రు చెప్పుకొనుట ఖమ్మము పట్టణపు వీధులలోనే కాదు, గోదావరి దాటి అడవియంచున నున్న పల్లెలలోను వినబడుచున్నది. కడుపులో మంట చల్లారిన పిదపను ఈ మాత్ర యింటిని విడిచిపోదు. వచ్చిన చుట్టము కాపురమున్నట్లు ఏండ్లతరబడి నిలిచిపోవుచున్నది.

ఈ మాత్ర కడుపునకు చేయు మేలు నందఱును ఎఱుగుదురు. కాని కడుపుకొఱకు మ్రింగిన మందు రక్తములో గలిసి శరీరమంతయు తిరుగును. మన దంతములను పట్టి నిలుపు దవడయెముక మీద దీని ప్రభావమెట్టిదని కొన్నేండ్లుగా శాస్త్రజ్ఞులు విచారించుచున్నారు. వారికి దొరకిన సమాధానము భయపడదగినదియు కాదు, త్రోసివేయదగినదియు కాదు. ఇంటిల్లిపాది మందులను చూచుకొనవలసినవారము స్త్రీలమే గనుక ఆ సమాధానమును సోదరీమణుల యెదుట నుంచుట ఉచితమని తలచితిమి.

ముందుగా ఈ మాత్ర మన యిండ్లలోనికి వచ్చిన త్రోవను చూతము. ఖమ్మము సీమ మిరపపంటకు పేరుపడినది. కాయ పండిన దినములలో దానిని ఏరుటకు అడవిపల్లెలనుండియు, ఛత్తీసుగఢ్ సరిహద్దునుండియు కూలీలు గుంపులుగా వత్తురు. వేసవి రాగానే తునికాకు కోత. రెండును నడుము వంచి చేయవలసిన పనులే, రెంటను స్త్రీలే యెక్కువ. ప్రొద్దుగూకునప్పటికి నడుము పట్టివేయును, మోకాళ్లు పీకును. సంతలోనో, ఊరి వైద్యునియొద్దనో ఒక నొప్పిమాత్ర దొరకును. అది కడుపును మండించును గనుక దానికి తోడుగా గ్యాసుమాత్ర యొకటి. కోతలు ముగిసిన పిదప నొప్పిమాత్ర మానినను గ్యాసుమాత్ర మానరు. పట్టణపు గృహిణుల సంగతియు ఇట్టిదే. వారికి మిరపచేను లేకున్నను మోకాలినొప్పి కలదు, తలనొప్పి కలదు.

కడుపులో పుండు పడినదనగానే మనము మిరపకాయ మీద నేరము మోపుదుము. మన పూర్వవైద్యులును ఈ బాధ నెఱుగనివారు కారు. మాధవనిదానమున ఆమ్లపిత్తమునకు వేఱుగ ప్రకరణము కలదు. అన్నము జీర్ణమగు వేళ పుట్టు నొప్పిని పరిణామశూల యని వారు వేఱుచేసి చెప్పిరి. ఆ లక్షణములు నేటి వైద్యులు చిన్నప్రేగు మొదట కనుగొను పుండునకు చాల దగ్గఱగా నున్నవి. అయితే పుండునకు మూలకారణము 1982లో గాని బయటపడలేదు. ఆస్ట్రేలియాదేశమున పెర్తు నగరమందలి రాబిన్ వారెన్, బారీ మార్షల్ అను వైద్యులిరువురు కడుపు లోపలిపొరలో హెలికోబాక్టర్ పైలోరి యను వంకర సూక్ష్మజీవిని పెంచి చూపిరి. అంత పులుపులో ఏ జీవియు బ్రతుకజాలదని పండితులు నమ్మకుండుటచే మార్షల్‌గారు 1984లో ఆ సూక్ష్మజీవులను తామే త్రాగి, కడుపు వాచి, తమ మాట నిజమని నిరూపించిరి. 2005లో వారిరువురికి నోబెల్ బహుమానము లభించినది. ఈ సూక్ష్మజీవి మన దేశమున పెద్దలలో సగముకంటె ఎక్కువమంది కడుపులలో నుండును. అందఱికి పుండు పడదు గాని, పడినవారిలో పెక్కుమందికి కారణమిదియే. రెండవ కారణము నొప్పిమాత్రలు. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ మొదలగునవి కడుపుపొరకు సహజముగా నుండు కాపుదలను తీసివేయును. కారము పుండున్నవారిని బాధించునేమో గాని పుండును పుట్టించునది కాదు. మిరపకాయ ఏరు తల్లికి పుండు పడినచో ఆ నేరము కాయది కాదు. నడుమునొప్పికి మ్రింగిన మాత్రది కావచ్చును, కంటికి కనబడని సూక్ష్మజీవిది కావచ్చును.

ఇక మందు సంగతి. మన కడుపుగోడలో కొన్ని కణములు ఆమ్లమును తయారుచేయును. ఆ కణములలో ఆమ్లపు రేణువులను బయటికి తోడిపోయు అతిసూక్ష్మమైన పంపులు కలవు. 1988లో స్వీడను దేశమున వాడుకలోనికి వచ్చిన ఒమిప్రజోల్ అను మందు ఆ పంపులకు అంటుకొని వాటిని పనిచేయకుండ ఆపును. పాంటొప్రజోల్, రాబిప్రజోల్ మొదలగునవన్నియు దాని తోబుట్టువులే. హైదరాబాదున కల్లం అంజిరెడ్డిగారు 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ తయారుచేయు ‘ఓమెజ్’ అనునదియు ఈ ఒమిప్రజోలే. వీనికి పూర్వము పుండు ముదిరినవారిలో కొందఱికి కడుపులో కొంతభాగము కోసివేయవలసి వచ్చెడిది. నేడు చాలమందికి నాలుగు మొదలు ఎనిమిది వారములు మాత్ర వేసికొన్నచో పుండు మానిపోవుచున్నది. ఇంతటి యుపకారము చేసిన మందును నిందించుట మా యుద్దేశము కాదు. ఎనిమిది వారముల మందు ఎనిమిదేండ్ల మందగుటయే మా విచారము.

ఇప్పుడు నోటిలోనికి వత్తము. సుశ్రుతాచార్యులు ఎముకలను ఐదు విధములుగా విభజించి దంతములకు రుచకములని పేరిడి ఎముకలలోనే చేర్చిరి. నేటి శాస్త్రము ప్రకారము దంతము ఎముక కాదు. అది ఎముకలో నాటబడినది. దవడయెముకలో ఒక్కొక్క దంతమునకు ఒక్కొక్క గుంట కలదు. ఆ గుంటగోడకును దంతమూలమునకును నడుమ సన్నని నారలు మోకులవలె కట్టి పట్టుకొనియుండును. ఆ గోడ తఱిగెనా, దంతము ఎంత గట్టిదైనను కదలక తప్పదు.

ఆ గోడ ఱాతిగోడవలె ఒకసారి కట్టి విడిచినది కాదు. మట్టియిల్లువలె నిత్యము మరమ్మతు జరుగుచుండును. అందు రెండు తెగల పనివారు కలరు. పాతబడిన ఎముకను కరగించి తీసివేయు కణములొక తెగ, వానిని ఆస్టియోక్లాస్టులందురు. క్రొత్త ఎముకను పోసి పూడ్చు కణములింకొక తెగ, వానిని ఆస్టియోబ్లాస్టులందురు. కూల్చువాడును కట్టువాడును సమముగా పనిచేయుచున్నంతకాలము గోడ నిలుచును. పంటిపాచి పేరుకొని గారగట్టి చిగుళ్లు వాచినప్పుడు కూల్చు తెగ విజృంభించును. ఎముక మెల్లమెల్లగా తఱిగిపోవును. మన దేశమున పెద్దవయస్సువారి పండ్లు కదలుటకు ముఖ్యకారణమిదియే గాని వార్ధక్యము మాత్రమే కాదు. పొగాకును మధుమేహమును ఈ తఱుగుదలను త్వరపెట్టును.

కడుపుమందునకు ఇచ్చట ప్రసక్తి యేమనగా, కూల్చు కణములు ఎముకను కరగించుటకు వాడు సాధనము ఆమ్లమే. కడుపులో వలెనే వానికిని ఆమ్లమును తోడు పంపు కలదు. అది కడుపుపంపు కాదు, దూరపు చుట్టము. కడుపుపంపును ఆపు మందు ఈ చుట్టమునుగూడ కొంత మందగింపజేయునా? కట్టు కణములను సైతము నీరసింపజేయునా? అని పరిశోధకులు గాజుపాత్రలలో కణములను పెంచి పరీక్షించిరి. కొన్ని పరీక్షలలో ఉభయుల పనియు తగ్గినట్లు కనబడినది. గాజుపాత్రలోనిది వేఱు, మనుష్యుని దవడ వేఱు. కావున మనుష్యులలో కనబడినదేమో విచారింపవలయును.

2006లో ఇంగ్లండులోని రోగుల వైద్యచరిత్రలను పరిశీలించి, ఏబదియేండ్లు దాటినవారిలో ఈ మాత్రను ఏడాదికి మించి వాడినవారికి తుంటియెముక విఱుగుట ఇతరులకంటె ఎక్కువగా నున్నదని ప్రకటించిరి. పెద్దమోతాదులో దీర్ఘకాలము వాడినవారి కీ అపాయము మఱింత యెక్కువగా గనబడినది. 2010లో అమెరికాదేశపు ఔషధశాఖవారు తుంటి, మణికట్టు, వెన్నుపూసల విషయమున జాగ్రత్త చెప్పుచు హెచ్చరిక చేసిరి. దంతముల సంగతికి వచ్చినచో, 2017లో కెనడాదేశపు పరిశోధకులు దవడలో మరచుట్టు బిగించి కట్టు కృత్రిమదంతములను పరిశీలించిరి. 799 మంది రోగులలో 1,773 దంతములు. ఈ మాత్ర వాడువారిలో నూటికి 6.8 విఫలమైనవి, వాడనివారిలో నూటికి 3.2. అనగా రెండింతలకంటె ఎక్కువ.

ఇంతవఱకు చదివిన సోదరి మాత్రలపట్టీని పాఱవేయుటకు లేచునేమో! ఆగవలయును. అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయమువారు చిగుళ్లరోగముగల వెయ్యిమందికి పైగా జనుల వైద్యపత్రములను చూచిరి. చిగురునకును దంతమునకును నడుమ ఆరు మిల్లీమీటర్లు, అంతకు మించిన లోతైన గుంటలు, ఈ మాత్ర వాడువారి దంతములలో నూటికి 14, వాడనివారి దంతములలో నూటికి 24 కనబడినవి. అనగా ఇచ్చట మాత్ర వాడువారి స్థితియే మెఱుగుగా నున్నది!

ఒకటి కీడని, ఒకటి మేలని తోచు ఈ రెండు ఫలితములకు పొత్తు కుదరదా? ఆలోచించిన కుదురును. రోగముచేత కూల్చువాడు చెలరేగిన చోట వాని చేయి మందగించుట లాభము కావచ్చును. దంతము తీసిన గాయము పూడవలసినచోట, క్రొత్త మరచుట్టు ఎముక పెరుగవలసినచోట, విఱిగినది అతుకవలసినచోట కట్టువాని చేయి మందగించుట నష్టము. ఇది మనకు తోచిన పొత్తేగాని తేలిన సిద్ధాంతము కాదు. పైగా ఈ లెక్కలన్నియు జనులను గమనించి కట్టినవే. మాత్ర వాడువారు సాధారణముగా వయస్సు చెల్లినవారు, ఇతరరోగములు గలవారు. దోషము మాత్రదా, రోగముదా యని వేఱుచేయుట కష్టము. అందుచే గృహిణి గ్రహింపవలసిన సారమిది: అవసరమున్నంతకాలము మాత్ర మేలే, అవసరము లేని కాలమునకు దానిని పొడిగించుట ఎముకతో జూదమాడుట.

మే మెఱిగిన ఒక గృహిణి సంగతి ఇచ్చట చెప్పదగియున్నది. ఏబదియేండ్లు దాటిన యిల్లాలు. భద్రాచలము దారిలో నొక పల్లె. ఆమె ఆరేండ్లనుండి గ్యాసుమాత్ర వేసికొనుచున్నది. క్రిందిదవడలో రెండు దంతములు ఊడినవి. కట్టించుకొందమని దంతవైద్యునియొద్దకు వెళ్లినది. ఏమేమి మందులు వాడుచున్నావని ఆయన అడుగగా ఏమియు లేవన్నది. ప్రక్కనున్న కోడలు, “అత్తమ్మా, గ్యాసుగోలి సంగతి చెప్పవేంది?” అని అడిగినది. “అదేం మందే? రోజు ఏసుకునేదే గద!” అని ఆమె బదులు. ఆ మాట విని వైద్యుడు నవ్వలేదు. దోషమంతయు మాత్రదే యనియు అనలేదు. ఆమె చిగుళ్లనిండ గార యున్నది. తాంబూలముతో పొగాకు వేయు అలవాటున్నది. ముందు వానిని చక్కజేయవలెనని చెప్పి, మాత్ర ఇంకను అవసరమా యని తెలిసికొని రమ్మని కడుపువైద్యునికి చీటి వ్రాసియిచ్చినాడు. అచ్చట పరీక్షింపగా సూక్ష్మజీవి బయటపడినది. పదునాలుగు దినముల చికిత్స జరిగినది. ఆరేండ్లు తెలియక దాచుకొన్న శత్రువు రెండు వారములలో పోయినది. అటుపిమ్మట వైద్యుని సలహాపై మాత్రయు క్రమముగా మానినది. పోయిన దంతములు తిరిగి రాలేదు గాని, ఉన్నవి ఊడకుండ కాచుకొను త్రోవ దొరకినది.

ఆ పదునాలుగు దినముల చికిత్సలో గ్యాసుమాత్రతోపాటు సూక్ష్మజీవులను చంపు మందులు ఇత్తురు. కొందఱికి బిస్మత్తుతో కూడ టెట్రాసైక్లిన్ అను మందు నిత్తురు. ఈ తెగకు మొదటిదియైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ సంస్థనుండి వెలువడినది. దానిని కనుగొన్నవారు బెంజమిన్ డగ్గర్‌గారు. అప్పుడచ్చట పరిశోధనల కధ్యక్షులు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఈ తెగ మందులకు సున్నపుసత్తువతో పొత్తు మెండు. పెరుగుచున్న ఎముకలోను దంతములోను చేరిపోవును. అందుచే గర్భిణులకును ఎనిమిదేండ్లలోపు పిల్లలకును సాధారణముగా ఇయ్యరు. ఇచ్చినచో పిల్లల దంతములు పసుపువన్నెకు తిరుగును. ఆ తెగలోనిదే డాక్సీసైక్లిన్. సూక్ష్మజీవిని చంపలేనంత చిన్నమోతాదులో, చిగుళ్లను ఎముకను కరగించు రసములను అణచుటకై, 1998లో అమెరికావారు దానిని దంతరోగమునకు అనుమతించిరి. ఒక తెగ మందే కడుపుపుండునకు చికిత్స, పెద్దల చిగుళ్లకు రక్ష, పసిపిల్లల దంతములకు కీడు! మందు మంచిదా చెడ్డదా యని అడుగుట కంటె, ఎవరికి, ఎంత, ఎంతకాలము అని అడుగుటయే తెలివి.

ఇక ఆచరణకు వత్తము. మొదటిది, ఈ మాత్రను మనంతట మనము ఒక్కసారి మానరాదు. గుండెజబ్బునకు ఆస్పిరిన్ వాడు పెద్దలకును, పూర్వము పుండునుండి రక్తము పోయినవారికిని ఇది ప్రాణరక్షకము. వైద్యుడు చెప్పినంతకాలము వాడవలసినదే. ఆమ్లము పైకెగదన్ని నోటిలోనికి వచ్చువారికి దంతముల పైమెఱుగు కరగకుండ కాపాడునదియు ఇదియే. ఇతరులు సైతము వైద్యునడిగి మెల్లగా తగ్గించుకొనవలయును. డెన్మార్కులో ఆరోగ్యవంతులకు ఎనిమిది వారములు ఈ మాత్ర ఇచ్చి ఆపగా, వారిలో నూటికి 44 మందికి మంట, పులిత్రేపులు మొదలగు బాధలు పుట్టినవని 2009లో ప్రకటించిరి. వట్టిమాత్ర ఇచ్చినవారిలో అట్టివారు నూటికి 15 మంది. మాత్ర మానగానే వచ్చు మంట పాతరోగమే కానక్కఱలేదు. మూతపడిన పంపులు తెఱచుకొన్న హడావిడి కావచ్చును. దీని నెఱుగకయే పెక్కుమంది మరల మాత్ర పట్టుచున్నారు.

రెండవది, నొప్పిమాత్రను సంతలో కొని వారములతరబడి మ్రింగుట మానవలయును. పుండునకు మూలము దానిలో నుండగా పైన గ్యాసుమాత్ర కప్పుట, ఇల్లు కారుచుండగా క్రింద గిన్నె పెట్టుటవంటిది. మూడవది, నెలలతరబడి కడుపుబాధ యున్నచో సూక్ష్మజీవిపరీక్ష చేయించుకొనవలయును. మలము నల్లబడినను, నెత్తురు కక్కినను, కారణము లేక చిక్కిపోయినను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలయును. నాలుగవది, దంతవైద్యునియొద్దకు పోవునప్పుడు గ్యాసుమాత్రను మందులలో చేర్చి చెప్పవలయును. దంతము తీయించుకొనుటకు, కట్టించుకొనుటకు ముందు ఇది మఱింత ముఖ్యము. ఐదవది, రెండుపూటలు దంతధావనము, ఏటేట గార తీయించుట, పొగాకు విడుచుట. వేపపుల్లయైనను మంచిదే గాని, చిగురుమొదటనున్న పాచి పోవునట్లు తోమవలయును.

ఆహారము మాట మఱువరాదు. కట్టు కణములకు సున్నపుసత్తువ లేనిదే పని సాగదు. పెద్దవారికి దినమునకు 1,000 మిల్లీగ్రాములు కావలెనని హైదరాబాదునందలి జాతీయ పోషకాహారసంస్థవారు 2020లో నిర్ణయించిరి. నూఱుగ్రాముల బియ్యమున అది పది మిల్లీగ్రాములకు మించదు. అంతే తూకము రాగులలో 350 వఱకు, మునగాకులో 300కు పైగా, నువ్వులలో 1,000కి పైగా, పాలలో 120 వఱకు ఉండును. అడవిపల్లెలలో అంబలి కాచిన కుండ స్థానమున నేడు వరియన్నపు కుండ యెక్కినది. వారమునకు నాలుగునాళ్లు రాగిజావ, పప్పులో మునగాకు, పిల్లలచేతికి నువ్వులుండ. ఇవి ఏ యింటికిని భారము కావు. సున్నపుసత్తువ మాత్రలు వాడువారు ఒక విషయమెఱుగవలెను. కాల్షియం కార్బొనేటు జీర్ణమగుటకు ఆమ్లము కావలయును. గ్యాసుమాత్ర వేసికొనువారు దానిని భోజనముతో వేసికొనుట మంచిది. కాల్షియం సిట్రేటునకు ఆ యిబ్బంది లేదు. ఏండ్లతరబడి గ్యాసుమాత్ర వాడువారికి బి12 విటమినును మెగ్నీషియమును తగ్గవచ్చును గనుక వైద్యునడిగి పరీక్షించుకొనవలయును.

సోదరీమణులారా! ఈ రాత్రి వంట సర్దుకొన్న పిదప ఇంటిలోని మందులడబ్బా ఒకసారి తెఱవుడు. గ్యాసుమాత్ర ఎవరు వాడుచున్నారు, ఎవరు వ్రాసియిచ్చిరి, ఎన్నాళ్లకు వ్రాసిరి, ఎన్నాళ్లయినది - ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము ఒక కాగితముమీద వ్రాసియుంచుడు. అత్తగారిదైనను, మామగారిదైనను, మీదైనను సరే. మరునాడు వైద్యునియొద్దకు పోవువారిచేతికి ఆ కాగితమిచ్చి పంపుడు.